చల్లని చెయ్యి

పాడ్యమి

ఇది నేను ముచ్చటపడి రాస్తున్నది కాదు. మెడ వెనక మనసు తాపాన్ని కొలిచే బిళ్ల ఒకే పక్షంలో మూడుసార్లు ఎర్రబడిన మనిషి, తన మనసులో ఉన్నది రోజూ రాసుకోవాలని పంపుల గదిలో నియమం. రాస్తే తాపం దిగుతుందట. నా మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఈ పలక కాలిపోతుందేమోనని నా భయం.

నా పేరు ధనకుమారి. కొత్తలంకలో సముద్రపు కట్ట మీద పని. మా ఊరు సముద్రం కంటే పల్లంలో ఉంటుంది. ఆటు వేళ గేటు ఎత్తి కాలువల్లో నీళ్లు బయటికి వదులుతాం. పోటు వచ్చి గోడ మీది పసుపు గీతను అందుకునేలోపు గేటు దించేస్తాం. వానొచ్చినా, ఊట ఊరినా పంపులతో తోడి పోస్తాం. ఇంతే పని. ఇంతే అంటున్నాను గానీ, ఒక్క కునుకు తీస్తే పల్లపు వీధుల్లో మంచాలు తేలతాయి.

ఇవాళ చిల్లర సంగతికే ఎర్రబడ్డాను. పంపు జల్లెడకి గుర్రపుడెక్క చుట్టుకుంది. అరుస్తూ పరిగెత్తాను. అంతే, మెడ వెనక టింగుమంది. గదిలో అందరూ తలలు తిప్పి చూశారు. టింగుమన్న మనిషి పంపుల్ని యంత్రం అప్పటికప్పుడు తీసేసి, గదిలో అందరికంటే చల్లగా ఉన్న మనిషికి అప్పగిస్తుంది. చల్లగా ఉండేది ఎవరు? సువర్ణ. ఎప్పుడూ సువర్ణే.

నన్ను చలవగదికి పంపారు. అక్కడ ఒక మెత్తటి కుర్చీ, గోడలోంచి ఒక ఆడగొంతు. "కళ్లు మూసుకోండి. ఎదురుగా నిండుగా ఉన్న నీటిని ఊహించుకోండి. అది మెల్లగా మీ వైపు వస్తోంది" అంది. కట్ట మీద బతికేవాళ్లకి చెప్పే మాటేనా అది? ఉన్న తాపానికి తోడు ఇంకాస్త ఎక్కింది.

తదియ

ఇవాళ మా గదికి పెద్ద అయిన అబ్బులు గారు అందర్నీ పిలిచి చెప్పేశారు. "నేను పౌర్ణమి దాకానే ఉంటానండి. మోకాళ్లు సహకరించట్లేదు. ఆ రోజు పొద్దున్న పోటుకి చక్రం పట్టినోళ్లకే ఈ కుర్చీ. ఇందులో నా ఇష్టం ఏమీ లేదండి, పళ్లెం ఎవర్ని చెబితే ఆళ్లే."

పళ్లెం సంగతి చెప్పాలి. డ్యూటీ ఎక్కేటప్పుడు గుమ్మంలో ఇత్తడి పళ్లెం మీద అందరం అరచేతులు ఆనిస్తాం. ఎవరి తాపం అందరికంటే తక్కువ ఉంటే వాళ్లది ఆ పూటకి చల్లని చెయ్యి. గేటు చక్రం ఆ పూట వాళ్ల అరచేతికే లొంగుతుంది, ఇంకెవరు పట్టుకున్నా కదలదు. యంత్రానికి వదిలేసిన ఊళ్లు మునిగాయి, కంగారు మనుషులకి వదిలేసిన ఊళ్లూ మునిగాయి. అందుకని పెద్దలు పెట్టిన కట్టుబాటు ఇది. చల్లని చెయ్యి వచ్చినవాళ్లకి మిగతావాళ్లు నమస్కారం పెట్టి దారి ఇవ్వాలి.

ఏడాదిగా నేను దారి ఇస్తూనే ఉన్నాను. నా ఒళ్లు మండదా? ఈ గదిలో అబ్బులు గారి తర్వాత పాతదాన్ని నేనే. ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో దాని గురక విని చెప్పేస్తాను. సువర్ణకి పని నేర్పిందీ నేనే. వచ్చిన కొత్తల్లో పంపు కాస్త దగ్గితే చాలు, "అక్కోయ్, పేలిపోద్దేమో!" అని వచ్చి నా కొంగు పట్టుకునేది. మధ్యాహ్నం నా కేరేజీలో కూర లాగేసుకుని తినేది, పెద్దగా నవ్వేది. ఆ సువర్ణ ఇప్పుడు నా ముందు నుంచి వెళ్లి చక్రం పట్టుకుంటుంది. నేను దండం పెట్టాలి!

పైగా దాని మొహంలో గర్వమైనా కనిపించదు. గర్వపడితే తిట్టుకోవడానికి నాకు కాస్త సులువుగా ఉండేది.

పంచమి

దీని కిటుకేమిటో పౌర్ణమిలోపు పట్టుకోవాలని తీర్మానించుకున్నాను.

పొద్దున్నంతా దాన్నే చూశాను. టీ తాగదు. ఎవరైనా చేతిలో పెడితే పట్టుకుని కూర్చుంటుంది, చల్లారిపోయాక పక్కన పెట్టేస్తుంది. అయితే టీ మానేయడమే కిటుకని నేనూ మానేశాను. మధ్యాహ్నానికి తల పగిలిపోయింది, ఆకుపచ్చగా ఉండాల్సిన బిళ్ల పసుపు రంగుకి తిరిగింది. ఇంటికి వెళ్లాక మా ఆయన సూరిబాబు మీద విరుచుకుపడ్డాను. పాపం ఆయన చేసిన తప్పల్లా "ఏటే, ఒంట్లో బాలేదా?" అని అడగడం.

"టీ మానేశాను."

"ఎందుకే?"

"సువర్ణ తాగట్లేదు."

"ఆయ్. రేపు ఆవిడ అన్నం మానేత్తే?" అన్నాడు. నవ్వుతున్నాడు కూడా. ఈ ఇంట్లో నా బాధ ఎవరికీ పట్టదు.

నిజమే మరి, అది అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. కేరేజీ తెచ్చుకుంటుంది, మూత తీస్తుంది, మళ్లీ పెట్టేస్తుంది. నాజూకు కోసమేమో.

సప్తమి

ఇవాళ నాకు మళ్లీ టింగుమంది. నా ముందు ఇంకో ఇద్దరికి టింగుమంది. వాళ్ల పంపులూ, నా పంపులూ అన్నీ సువర్ణ బల్ల మీదికే వెళ్లాయి. దాని బల్ల మీద దీపాలు ఎన్ని వెలిగాయని! సగం ఊరు దాని వేళ్ల కింద ఉంది. అదేమో రెప్ప వేయకుండా ఒక్కో మీట నొక్కుతూ కూర్చుంది. చూసిన కొద్దీ నాకు కడుపు మండిపోయింది. నా పంపుల్ని నేను పిల్లల్లా చూసుకుంటాను. అవి దాని చేతిలో చప్పుడు చేయకుండా తిరుగుతున్నాయి.

అబ్బులు గారు దాని వెనక నిలబడి మురిసిపోయారు. "చూడండి, ఎంత నిబ్బరమో. ఎంత బరువు పెడితే అంత చల్లబడతంది ఈ అమ్మాయి. మీరంతా ఉన్నారు ఎందుకు?"

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు సువర్ణ నా పక్కనే నడుస్తూ ఉన్నట్టుండి అంది. "అక్కా, నాకేటీ అనిపించట్లేదక్కా."

"నీకేంటే తల్లీ, మహారాణివి. అనిపించేదంతా మాకే" అన్నాను.

గొప్పలు చెప్పుకోవడంలో కూడా దీనిది అదో తీరు.

నవమి

గోంగూర పచ్చడి వంకపెట్టి దాని ఇంటికి వెళ్లాను. వంక కాదు, గూఢచర్యమే. రాయమన్నారు కాబట్టి నిజమే రాస్తున్నాను. వాళ్లాయన ఇసుక తోడే ఓడ మీద ఉంటాడు, అమావాస్యకో పౌర్ణమికో ఇంటికి వస్తాడు. ఇంట్లో అది ఒక్కతే.

తలుపు తీసి "రా అక్కా" అంది. మళ్లీ వెళ్లి వంటింట్లో పీట మీద కూర్చుంది. పొయ్యి మీద పాలు ఉన్నాయి. నేను ఇల్లంతా కళ్లతో వెతికాను. మందులేమైనా వేసుకుంటోందా, గోడకి యంత్రమేదైనా పెట్టుకుందా, మూలన బొమ్మ ఏదైనా పెట్టుకుని ధ్యానం చేస్తోందా. ఏమీ లేవు. ఉతికిన బట్టల మూట మడత పెట్టకుండా మంచం మీదే ఉంది. దాని పక్కనే పడుకుంటున్నట్టుంది.

అంతలో పాలు పొంగాయి. సువర్ణ పాలకేసే చూస్తోంది. పొంగు గిన్నె అంచు దాటింది, పొయ్యి మీదికి కారింది, కమురు వాసన వేసింది. అది చూస్తూనే ఉంది. కదల్లేదు. నేనే గబుక్కున లేచి పొయ్యి కట్టేశాను.

"పొంగాయే!" అన్నాను.

"ఆఁ, చూశానక్కా" అంది.

ఇంటికి వస్తూ దారంతా ఏమనుకున్నానో తెలుసా? అబ్బ, ఏం నిగ్రహం! పాలు పొంగినా లేవనంత నిగ్రహం! మా అమ్మ పాలు పొంగితే ఎదురింటివాళ్లు కూడా లేచేలా కేక పెట్టేది. నేనూ అంతే. అందుకే నా బతుకు ఇలా టింగుటింగుమంటోంది. ఆ చల్లదనం నాకెందుకు ఇవ్వలేదు దేవుడా అని నిజంగా ఏడుపొచ్చింది.

ఏకాదశి

ఇవాళ ఇంట్లో నేనూ సాధన చేశాను. పొయ్యి మీద పాలు పెట్టి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. పొంగు వస్తోంది. లేవకూడదు అనుకున్నాను. వేళ్లు జివజివలాడాయి. అంచు దాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను. పాలు పొయ్యి పాలయ్యాయి. మెడ వెనక టింగుమంది.

సూరిబాబు పరిగెత్తుకొచ్చాడు. "అయిబాబోయ్, పాలు! కళ్లెదురుగా పెట్టుకుని ఏటి చేత్తన్నావే?"

"నిగ్రహం."

"నీ నిగ్రహం సంతకెళ్ల. టీ ఎలా పెడతావిప్పుడు?"

గిన్నె తోముతుంటే నాకే నవ్వొచ్చింది. నవ్వగానే బిళ్ల చల్లబడింది, మెడకి తెలిసింది. సువర్ణ నవ్వి ఎన్నాళ్లయిందో అని అప్పుడు అనుకున్నాను. అనుకున్నాను గానీ అంతకంటే ముందుకి ఆలోచించలేదు. పౌర్ణమి దగ్గరపడుతోంది, కుర్చీ చేజారిపోతోంది అన్న బెంగే బుర్ర నిండా ఉంది.

పౌర్ణమి

ఇవాళ ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లేదు. అయినా వరసగా రాస్తాను.

పొద్దున్న నేను తలారా స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, మెల్లగా నడుచుకుంటూ వెళ్లాను. పళ్లెం మీద చెయ్యి ఆనించేటప్పుడు మా పెళ్లినాటి సంగతులు తలుచుకున్నాను, తాపం దిగాలని. పళ్లెం సువర్ణ పేరే చెప్పింది. ఇన్నేళ్లలో ఎవరికీ రానంత తక్కువ వచ్చిందట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టి దారి ఇచ్చాను. నా పక్కనుంచి వెళుతుంటే దాని చెయ్యి నా చేతికి తగిలింది. చన్నీళ్లలో నానిన చెయ్యిలా ఉంది.

రాత్రి షిఫ్టు వాళ్లు ఆటుకి ఎత్తిన గేటు ఇంకా ఎత్తే ఉంది. పౌర్ణమి పోటు, పైగా తూర్పుగాలి. నీళ్లు చకచకా ఎక్కుతున్నాయి. సువర్ణ చక్రం మీద రెండు చేతులూ వేసి గోడకేసి చూస్తూ నిలబడింది. అబ్బులు గారు కొత్త కండువా చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. గేటు దిగగానే దాని భుజాన వేసి కుర్చీలో కూర్చోబెట్టాలని.

నీళ్లు పసుపు గీత దగ్గరికి వచ్చాయి. సువర్ణ చూస్తోంది. గీత తడిసింది. సువర్ణ చూస్తూనే ఉంది.

"ఆఖరు దాకా ఆగుతంది చూడండి. అదీ నిబ్బరమంటే!" అన్నారు అబ్బులు గారు.

గీత మునిగింది.

రాయకూడదేమో గానీ రాస్తాను. ఆ క్షణంలో నా లోపల పండగలా ఉంది. తప్పు చేసింది, అందరి ముందూ తప్పు చేసింది, కుర్చీ పోయినట్టే అనుకున్నాను. ఏడాదిగా రాని సంతోషం గుండెల్లోకి ఒక్కసారిగా వచ్చింది. అప్పుడు దాని మొహం చూశాను. పీట మీద కూర్చుని పాలకేసి చూసిన మొహం అది. అచ్చం అదే.

నా చేతికి తగిలిన చల్లదనం అప్పుడు గుర్తొచ్చింది. తిరుగుతున్న మోటారు మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉందంటే అది ఆగిపోయినట్టు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మోటార్ల మధ్య బతికే మేమంతా, మోటారు విషయంలో ఒక్కసారి కూడా చేయని పొరపాటు మనిషి విషయంలో చేశాం. ఆగిపోయిన మనిషికి ఏడాదిగా చప్పట్లు కొడుతున్నాం.

"అది మూయదండీ! దానికి చేతకావట్లేదు!" అని అరిచి పరిగెత్తాను. మెడ వెనక టింగుటింగుమని ఒకటే మోత. అబ్బులు గారు చక్రం పట్టి లాగారు. కదల్లేదు. నేను లాగాను. కదల్లేదు. ఆ పూటకి అది సువర్ణ అరచేతికే లొంగుతుంది. నీళ్లు కాలువ గట్టు మీదుగా పల్లపు వీధి వైపు తిరిగాయి. కింద ఎవరో పిల్లల్ని పిలుస్తున్నారు.

"సువర్ణా, తిప్పవే!"

"ఆఁ, తిప్పాలక్కా" అంది. తిప్పలేదు.

దాని వెనక్కి వెళ్లి, దాని రెండు చేతుల మీదా నా చేతులు వేసి, దాని వేళ్లతో సహా చక్రాన్ని బిగించి పట్టుకున్నాను. కిందనున్నది చల్లని చెయ్యి, పైనున్నది మండిపోతున్న చెయ్యి. చక్రం కిరకిరమంది. ఒళ్లంతా వేసి తిప్పాను. తిరిగింది. గేటు దిగుతున్న చప్పుడు కాళ్ల కింద నుంచి వినిపించింది. దిగేంతవరకూ దాని వేళ్లు వదల్లేదు. పల్లపు వీధిలో చీలమండల దాకా నీళ్లు వచ్చి ఆగిపోయాయి. రెండిళ్లలో బియ్యం తడిశాయి, అంతే.

అబ్బులు గారు సువర్ణ బిళ్ల వంక చూసి, పాపం అమాయకంగా అన్నారు. "ఆకుపచ్చగానే ఉందండి. బాగానే ఉంది కదండీ ఈ అమ్మాయి?"

"బాగుండడమేటండీ మీ మొహం! మా అందరి పంపులూ తెచ్చి దాని నెత్తిన పెట్టాం. అది మొయ్యలేక మొయ్యలేక లోపల అంతా ఆగిపోయింది. పచ్చగా ఉందంట, పచ్చగా!"

పెద్దాయన మీద ఎన్నడూ అంత గొంతు లేపలేదు. ఆయన కండువా మడిచి కుర్చీ మీద పెట్టేశారు.

సువర్ణ నేల మీద కూర్చుంది. నేను పక్కనే కూర్చుని దాని చేతులు రుద్దుతూ తిట్టడం మొదలెట్టాను. ఓదార్చడం నాకు రాదు, తిట్టడమే వచ్చు. "నీ మొహం చూస్తేనే కుళ్లొచ్చేదే నాకు. నీ మీద ఏడవని రోజు లేదు. నువ్వు టీ మానేస్తే నేనూ మానేశాను. పాలు పొంగిస్తే నేనూ పొంగించాను. మా ఆయన నన్ను పిచ్చిదాన్నంటున్నాడు, తెలుసా?"

అది నాకేసి చూసింది. "పాలు పొంగించావా అక్కా?"

"పొంగించాను."

దాని పెదాలు వంకర తిరిగాయి. నవ్వుతుందనుకున్నాను. ఏడుపొచ్చింది దానికి. ముందు చప్పుడు లేకుండా, తర్వాత గది అదిరేలా. "భయమేత్తందక్కా. నీళ్లు వత్తన్నాయని తెలుత్తానే ఉంది. చేతులు నావి కాదనిపించింది. భయమేత్తందక్కా" అంటూ నా కొంగు పట్టుకుంది. అప్పుడు దాని మెడ వెనక బిళ్ల పసుపైంది, ఎర్రబడింది, టింగుమంది.

ఆ చప్పుడు నాకు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు. "ఏడవ్వే, ఏడు" అన్నాను. ఇక గదిలో చల్లగా ఉన్నవాళ్లే లేకపోయేసరికి, దాని బల్ల మీద దీపాలన్నీ ఆరిపోయి ఒక్కొక్కటే మా బల్లల మీద వెలిగాయి. నా పంపులు నాకొచ్చాయి. అందరూ లేచి ఎవరి పంపుల దగ్గరికి వాళ్లు పరిగెత్తారు.

బహుళ చవితి

సువర్ణకి సెలవు ఇచ్చారు. ఎంతకాలమని ఎవరూ అడగలేదు. వాళ్లాయన ఓడ దిగి వచ్చేశాడు. పళ్లెం ఇంకా గుమ్మంలోనే ఉంది గానీ, దాన్ని ఇప్పుడు తిరగేసి చదువుతున్నాం. ఎవరి చెయ్యి మరీ చల్లగా వస్తే, చక్రాన్ని ఆ తర్వాతి చేతికి లొంగేలా మార్పించి, వాళ్లని పక్కన కూర్చోబెట్టి ముందు అన్నం తినిపిస్తున్నాం. ఎర్రబడిన మనిషి పంపులు ఒక్కరికే వెళ్లకుండా అందరికీ పంచమని అబ్బులు గారు పైవాళ్లకి గట్టిగా చెప్పారు. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి ఇంకొన్నాళ్లు కుర్చీలోనే ఉంటానన్నారు. అంటే కుర్చీ నాకూ రాలేదు. ఆ మంట ఆ మంటే, ఏం దాచుకోను?

సాయంత్రం మళ్లీ గోంగూర పచ్చడి పట్టుకుని దాని ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నమంతా పడుకుని లేచిందట, మొహం ఉబ్బి నిగనిగలాడుతోంది. నేను తెల్లారగట్ల నుంచి పంపులతో చచ్చి వచ్చాను, ఇదేమో హాయిగా నిద్రపోయి లేచింది. చూడగానే పాత కుళ్లు మళ్లీ లేచింది. నా బుద్ధి మారదు.

పొయ్యి మీద పాలు పెట్టి పీట మీద కూర్చుంది. నేను కూరగాయల బుట్ట పక్కన కూర్చున్నాను. ఓడ మీద వంటవాడు చారులో బెల్లం వేశాడని వాళ్లాయన చెప్పిన సంగతేదో చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆగింది. పాల మీద తెట్టు కదిలింది. పొంగు మెల్లగా పైకి వస్తోంది. నా వేళ్లు జివజివలాడాయి. లేవబోయి, చీర కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుని కూర్చుండిపోయాను. ఈసారి నిజంగా నిగ్రహమే.

పొంగు గిన్నె అంచుకి వచ్చింది.

"అయ్యయ్యో! పాలక్కా, పాలు!" అని కేకపెట్టి సువర్ణ ఒక్క ఉదుటున లేచింది. కొంగుతో పట్టుకోకుండానే గిన్నె దించింది, వేలు కాల్చుకుంది, ఆ వేలు నోట్లో పెట్టుకుని నా మీద విరుచుకుపడింది. "ఎదురుగా కూచుని చూత్తన్నావేటక్కా? లేవలేవా?"